మసాకో గురించి నాలుగు మాటలు

సభకు నమస్కారం. పిలిచిన ఫిల్మ్ క్లబ్ వారికి, హాలు ఇచ్చిన గ్రంథాలయం వారికి, ఇంత వానలోనూ చివరిదాకా కూర్చున్న మీ అందరికీ, ఇందాక టీ అందించిన పిల్లలకూ నమస్కారం.

జపాన్ సినిమా చరిత్ర మీద పది నిమిషాలు మాట్లాడమన్నారు. రాసుకునే వచ్చాను. కానీ ఇప్పుడే మీతో కలిసి 'షల్ వి డాన్స్?' మళ్లీ చూశాక ఆ కాగితం చదవాలనిపించడం లేదు. మసాకో గురించి మాట్లాడతాను.

1996లో మసయుకి సువో తీసిన ఈ సినిమా గురించి ఎవరు మాట్లాడినా డాన్స్ స్కూల్ కిటికీలో నిలబడ్డ టీచరు మై దగ్గరే మొదలుపెడతారు. ఆ పాత్ర వేసిన తమియో కుసకరి నిజంగానే బ్యాలే నర్తకి, కళ్లు తిప్పుకోలేం. రైల్లోంచి ఆమెను చూసి కథానాయకుడు సుగియామా ఆ స్కూల్లో చేరాడు, బాగానే ఉంది. మరి ఇంట్లో ఆయన చొక్కాకు సెంటు వాసన పసిగట్టిన భార్య? డిటెక్టివ్ దగ్గరికి వెళ్లి కూర్చున్న మసాకో? ఆమె గురించి ఒక్కరూ మాట్లాడరేం?

నాకు ఆ వాసన తెలుసు. మా ఇంట్లో అది సెంటు కాదు, బ్లీచింగ్ పౌడర్. మా ఆయనకు అప్పుడు నలభై అయిదేళ్లు. వారానికి రెండు రోజులు ఆలస్యంగా వచ్చేవారు. సంచిలో తడి తువ్వాలు. రెండు నెలలు అడగలేదు నేను. అన్నం వడ్డిస్తూ మొహం చూసేదాన్ని, అంతే. ఆయన హుషారుగా ఉండేవారు, అదే నాకు ఎక్కువ టెన్షన్. చివరికి అడిగితే, ఈత నేర్చుకుంటున్నానన్నారు. నాకెందుకు చెప్పలేదంటే, "నువ్వు నవ్వుతావనుకున్నాను" అన్నారు.

అమ్మలూ, ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఒకప్పుడు ఆయన పాడబోతే నవ్వాను. అది ఆయన మర్చిపోలేదు.

జపాన్‌లో 1948 నాటి చట్టం డాన్స్ హాళ్లను క్యాబరేలు, పాచింకో, మాజాంగ్ ఆటశాలల వరసలో చేర్చి పోలీసుల అదుపులో పెట్టింది. అలాంటిచోట ఇంటి అప్పు తీర్చుకుంటున్న అకౌంటెంట్ వాల్ట్జ్ నేర్చుకుంటున్నానని ఎవరితో చెబుతాడు? ఆఫీసులో బల్లకింద కాళ్లు కదుపుతాడు. చూసి మనం నవ్వాం, నవ్వాల్సిందే. కానీ దాచింది మైను కాదు, తన సంతోషాన్ని. మసాకోను నొప్పించింది అదే. పరాయి ఆడది ఉంటే పోట్లాడొచ్చు. భర్త సంతోషంలో తనకు చోటు లేకపోతే ఎవరితో పోట్లాడుతుంది?

2004లో హాలీవుడ్ వాళ్లు రిచర్డ్ గేర్‌తో దీన్నే మళ్లీ తీశారు. అది చూసి ఇది చూశామనుకోకండి, దయచేసి. భార్యాభర్తలు చేతులు పట్టుకుని నడవడానికే సిగ్గుపడే ఊళ్లో పుట్టిన కథ ఇది. మనకు తెలిసిన సిగ్గు అది.

వెనక వరసలో భార్యాభర్తలు కలిసి వచ్చినవాళ్లున్నారు. మిమ్మల్నే అడుగుతున్నాను. కూతురు పట్టుబట్టి అడిగితే పెరట్లో సుగియామా డాన్స్ చేయడానికి మసాకో చేయి పట్టుకున్నప్పుడు, మీరు ఎవరి కాళ్లు చూశారు? నేను ఆమె మొహమే చూశాను.

నా టైము అయిపోయిందని చీటీ వచ్చింది. ప్రొజెక్టర్ దగ్గరున్న బాబూ, ఆ పెరటి సీను ఒక్కటి మళ్లీ వేస్తావా? లైట్లు తీసేయండి.