ఏ నీళ్లు తాగారు పెద్దయ్యా?

నమస్కారం. మాది నల్లగొండ జిల్లా, మర్రిగూడ దగ్గర పల్లె. హైదరాబాదులో రేడియాలజీ పీజీ చదువుతూ, ప్రోస్టేట్ క్యాన్సర్ స్కానింగుల మీద జరుగుతున్న ఒక పరిశోధనలో ఏడాదిగా పనిచేస్తున్నాను.

ఎమ్మారైలో మేము అనుమానించిన చోటే బయాప్సీలో, అంటే సూదితో చిన్న ముక్క తీసి చేసే పరీక్షలో, క్యాన్సర్ దొరుకుతోందా అన్నది మా ప్రశ్న. మగవారిలో మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథిలో కనిపించిన ప్రతి మచ్చకూ పైరాడ్స్ పద్ధతిలో 1 నుంచి 5 వరకు అంకె వేస్తాం. అంకె పెరిగేకొద్దీ అనుమానం పెరిగినట్టు. ఒకే బొమ్మకు ఇద్దరు డాక్టర్లు వేర్వేరు అంకెలు వేయడమూ ఉంటుంది, అందుకే ఒకరు వేసింది ఇంకొకరికి చూపించం. క్యాన్సర్ కణాలు కిక్కిరిసిన చోట నీటి అణువులు స్వేచ్ఛగా కదలలేవు. ఆ కదలికను కొలిచే పటంలో అక్కడ నల్లగా పడుతుంది. నేను మొదటిసారి గుర్తుపట్టిన నలుపు కందిగింజంత ఉంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఒకరోజు మా వైపు నుంచే ఒక పెద్దాయన వచ్చారు. డెబ్బై దాటిన వయసు. రక్తంలో పిఎస్ఏ (ప్రోస్టేట్ నుంచి వచ్చే ప్రోటీన్) ఎక్కువ, నడుము నొప్పి, ఎక్స్‌రేలో వెన్నుపూసలు మామూలుకన్నా తెల్లగా ఉన్నాయి. ఎముకలకు పాకిందని ఎవరో చెప్పేశారట, కొడుకు కళ్లనిండా నీళ్లు. సమ్మతి పత్రం చదివి వినిపిస్తుంటే పెద్దాయన నా వైపు చూడటానికి మెడ తిప్పలేదు, మనిషే మొత్తం తిరిగారు. మా తాత కూడా అలాగే తిరిగేవాడు.

"పెద్దయ్యా, చిన్నప్పటి నుంచి ఏ నీళ్లు తాగారు?"

"బోరు నీళ్లే బిడ్డా. కృష్ణా నీళ్లు ఇంటికి వచ్చింది ఈ మధ్యనే కదా."

తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. మా బోర్లలో ఎన్నో చోట్ల దాటేది. అలాంటి నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఎముకలు, కీళ్లు బిగుసుకుపోయే జబ్బు ఫ్లోరోసిస్. ప్రోస్టేట్ క్యాన్సర్ పాకినా, ఫ్లోరోసిస్ ముదిరినా ఎముక తెల్లబడుతుంది. మా ప్రొఫెసరుకు చెప్పి ముంజేతికి ఎక్స్‌రే తీయించాం. రెండు ఎముకల మధ్య పొర ముళ్లకంపలా గట్టిపడి కనిపించింది. అది ఫ్లోరోసిస్ ఆనవాలు. అయినా అంతటితో నిశ్చింతగా ఉండలేం, రెండు జబ్బులూ ఒకే మనిషికి ఉండవచ్చు.

బయాప్సీలో గ్రంథిలో క్యాన్సర్ ఉందని తేలింది. ఎముకల సంగతి తేల్చడానికి, ప్రోస్టేట్ క్యాన్సర్ కణాలను వెలిగించి చూపే పీఎస్‌ఎంఏ పెట్ స్కాన్ పెట్టారు. అందులో వాడే రేడియోధార్మిక పదార్థం గాలియం-68 ప్రతి 68 నిమిషాలకు సగమైపోతుంది, మందు సిద్ధమయ్యాక మనిషి కోసం ఆగదు. అందుకే తండ్రీకొడుకులు ముందురోజే బస్సెక్కి వచ్చి బంధువుల ఇంట్లో పడుకున్నారు. గ్రంథి వెలిగింది, ఎముకలు వెలగలేదు. ఆ మాట చెప్పగానే కొడుకు అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు.

మా నమోదు పత్రంలో వయసు, బరువు, పిఎస్ఏ అన్నీ ఉన్నాయి. తాగిన నీటికి మాత్రం గడి లేదు. దాన్ని చేర్చమని ఈ వారమే ఎథిక్స్ కమిటీకి అర్జీ పెట్టాం.