ఆ మాట అక్కడే ఎందుకుంది? ఇంగ్లీష్ పరీక్షకు చదివే పద్ధతి

అందరికీ నమస్కారం.

హైస్కూల్ స్థాయి ఇంగ్లీష్ పరీక్షలో నిజానికి రెండు పరీక్షలుంటాయి. ఒకటి భాషది, ఇంకొకటి సాహిత్యానిది. భాష పేపర్లో ప్యాసేజ్ కొత్తది, ప్రశ్నల తీరు పాతది. సాహిత్యం పేపర్లో పుస్తకం పాతది, ప్రశ్న కొత్తది. ఈ తేడా పట్టించుకోకుండా రెంటికీ ఒకే మందు వేస్తుంటారు: బట్టీ. భాష పేపర్లో బట్టీ పట్టడానికి ఏమీ లేదు. సాహిత్యంలో పట్టాల్సింది కొంత ఉంది గానీ, ఎక్కువమంది పట్టేది అది కాదు. కథాసారాంశం పడతారు. కథ ఏమిటో పేపరు దిద్దేవాళ్లకి ముందే తెలుసు. దాన్ని మళ్లీ వాళ్లకే చెప్పి మార్కులు అడగడం ఎలా కుదురుతుంది?

రెండు పేపర్లూ అడిగేది ఒకటే: ఆ మాట అక్కడే ఎందుకుంది? దీనికి జవాబు రాయడం వస్తే మిగతా చదువు సగం తగ్గుతుంది.

ముందు అన్‌సీన్ ప్యాసేజ్ సంగతి చూద్దాం. ప్యాసేజ్ మీద చిన్న అక్షరాల్లో రెండు ముక్కల పరిచయం ఉంటుంది: ఎవరు, ఎక్కడ, ఎప్పుడు. హడావుడిలో అందరూ దాటేసేది దాన్నే. దాన్ని చదవండి. తర్వాత ప్రశ్నలు చదవండి. ప్రశ్న ఫలానా పంక్తుల వరకే అంటే, ప్యాసేజ్‌లో ఆ పంక్తుల పైనా కిందా గీత గీయండి. గీత బయట నుంచి ఎంత మంచి మాట ఏరుకొచ్చినా దానికి మార్కు రాదు. అప్పుడు ప్యాసేజ్‌ని ఆగకుండా ఒకసారి, పెన్సిల్‌తో రెండోసారి చదవాలి. మొదటి చదువులోనే గీతలు మొదలుపెడితే అన్నీ ముఖ్యంగానే కనిపిస్తాయి, పేజీ అంతా గీతలైపోతుంది.

ఈ ప్రసంగం కోసమే కట్టిన ఒక వాక్యం తీసుకుందాం. "ద డోర్ గేవ్ ఎ థిన్ క్రై అండ్ లెట్ హిమ్ ఇన్." తలుపు సన్నగా మూలిగి అతన్ని లోపలికి రానిచ్చింది. ఆ ఇంటి మీద భయం కలిగేలా రచయిత భాషని ఎలా వాడారు అని ప్రశ్న అనుకోండి.

మామూలుగా వచ్చే జవాబు ఇది: "రచయిత ఇక్కడ పర్సనిఫికేషన్ వాడారు. దీనివల్ల దృశ్యం పాఠకుడి కళ్లకు కట్టినట్టు ఉంటుంది." పర్సనిఫికేషన్ అంటే ప్రాణం లేనిదాన్ని మనిషిలా చెప్పడం, కాబట్టి మొదటి వాక్యం నిజమే. రెండో వాక్యాన్ని ఏ పుస్తకంలోని ఏ పర్సనిఫికేషన్ కిందైనా అతికించవచ్చు. అందుకే దానికి విలువ లేదు. అలంకారానికి పేరు పెట్టడం వస్తువు మీద చీటీ అంటించడం లాంటిది. ఆ వస్తువు ఏం పని చేస్తుందో చీటీ చెప్పదు.

ఇప్పుడు మాటల్లోకి దిగుదాం. "క్రై" అంటే అరుపూ అవుతుంది, ఏడుపూ అవుతుంది. తలుపు హెచ్చరిస్తోందా, బాధపడుతోందా? రచయిత తేల్చలేదు. "థిన్" అన్న మాట శబ్దానికి వాడితే బలహీనంగా అని, ఒంటికి వాడితే బక్కచిక్కి అని. ఇల్లు చాలాకాలంగా తిండిలేని ప్రాణిలా తోస్తుంది. ఇక "లెట్ హిమ్ ఇన్" చూడండి. ఇక్కడ కర్త ఎవరు? అతను కాదు, తలుపు. అతను తలుపు తీశాడు అని రాయొచ్చు, రాయలేదు. లోపలికి వెళ్లాలా వద్దా అన్న నిర్ణయం అతని చేతిలోంచి జారిపోయింది. ఆ వాక్యంలో భయం పుట్టిన చోటు అదే, కర్త మారిన చోటు. ఇది చెప్పడానికి అలంకారం పేరు కూడా అక్కర్లేదు. కర్త, క్రియ తెలిస్తే చాలు. పెద్ద పెద్ద గ్రీకు పేర్లు నేర్చుకోవడం కన్నా క్రియలను గమనించడం నేర్చుకుంటే ఎక్కువ లాభం.

మీ జవాబుని మీరే ఇలా పరీక్షించుకోవచ్చు. అందులోని కొటేషన్ తీసేసి వేరేది పెట్టండి. వివరణ అప్పటికీ చక్కగా సరిపోతుంటే, మీరు ఇంకా వివరణ రాయలేదన్నమాటే.

ఇక సాహిత్యం. ఎక్కువ చోట్ల పాఠ్యంగా ఉండే షేక్‌స్పియర్ నాటకం 'మక్బెత్' నుంచి ఒక్క చిన్న మాట చూద్దాం: "లిటిల్". రెండో అంకం, రెండో రంగం. రాజు డంకన్‌ని మక్బెత్ అప్పుడే చంపాడు, అదీ తెర వెనక. మక్బెత్ నెత్తుటి చేతులు చూసుకుని, సముద్ర దేవుడు నెప్ట్యూన్ మహాసముద్రమంతా పోసినా ఇది కడుక్కుపోతుందా అంటాడు. అతని భార్య లేడీ మక్బెత్ వచ్చి "ఎ లిటిల్ వాటర్ క్లియర్స్ అస్ ఆఫ్ దిస్ డీడ్" అంటుంది. కాసిన్ని నీళ్లు చాలట. ఒకరికి సముద్రం చాలదు, ఒకరికి చెంబెడు చాలు. దంపతుల మధ్య తేడా అంతా ఆ కొలతలోనే ఉంది.

ఇప్పుడు ఐదో అంకం మొదటి రంగానికి రండి. ఆమె నిద్రలో నడుస్తూ, లేని మరకను రుద్దుకుంటోంది. అరేబియా అత్తరులన్నీ కలిసినా "దిస్ లిటిల్ హ్యాండ్" వాసన పోగొట్టలేవు అంటుంది. అదే "లిటిల్" తిరిగొచ్చింది. అప్పుడు నీళ్లు కాసిన్ని, ఇప్పుడు చెయ్యి చిన్నది. అప్పుడు భర్త సముద్రం గురించి అన్నమాటనే ఇప్పుడు ఆమె అత్తరుల గురించి అంటోంది. ఇద్దరూ చోట్లు మారారు. ఇంకోటి గమనించండి: అంతవరకూ పద్యంలో మాట్లాడిన మనిషి ఈ రంగంలో వచనంలోకి పడిపోయింది. మనసు అదుపు తప్పింది అని చెప్పడంతో నాటకం ఆగదు, లయ తప్పించి చూపిస్తుంది. అపరాధ భావన మీద అడిగినా, భార్యాభర్తల మీద అడిగినా, లేడీ మక్బెత్ పాత్రలో మార్పు మీద అడిగినా ఈ రెండు కొటేషన్లూ పనికొస్తాయి.

బట్టీ పట్టాల్సింది ఇలాంటివే. ఒక నాటకానికి 12 చాలు, ఒక్కొక్కటి 6 మాటలు దాటనక్కర్లేదు. నలభై పంక్తులు కంఠతా పట్టినవాళ్లు వాటిని ఎక్కడో ఒకచోట దించెయ్యాలన్న ఆత్రంలో ప్రశ్న మర్చిపోతారు. ఒక్కో కొటేషన్ పక్కన నాలుగు విషయాలు రాసుకోండి: ఎవరన్నారు, కథలో ఏ ఘట్టంలో అన్నారు, అందులో తవ్వదగిన మాట ఏది, ఏ రెండు అంశాలకు పనికొస్తుంది. రెండు అంశాలు తట్టకపోతే ఆ కొటేషన్ తీసేసి ఇంకోటి చూసుకోవాలి. తర్వాత పుస్తకం మూసి, కాగితం మీద రాయాలి. ఆ రోజు ఒకసారి, రెండ్రోజులాగి ఒకసారి, వారానికి, రెండు వారాలకి. మళ్లీ మళ్లీ చదివితే వచ్చినట్టే ఉంటుంది, ఎందుకంటే కంటికి పరిచయం అవుతుంది. కానీ పరీక్ష గదిలో పేజీ కంటి ముందు ఉండదు. కొన్ని పరీక్షల్లో పుస్తకం చేతికిస్తారు, అక్కడ మాత్రం కొటేషన్ కన్నా అది ఏ పేజీలో ఉందో గుర్తుండటం ముఖ్యం.

రాసేటప్పుడు కొటేషన్‌ని మీ వాక్యంలో కలిపేయండి. "దిస్ ఈజ్ షోన్ బై ద కోట్" అని ఆగి, రెండు పంక్తులు దించి, మళ్లీ "దిస్ కోట్ షోస్" అని మొదలుపెట్టడంలో తొమ్మిది మాటలు వృథా. "షీ బిలీవ్స్" అని, కొటేషన్ గుర్తుల్లో "ఎ లిటిల్ వాటర్" అని, "విల్ బి ఎనఫ్" అని ముగించండి. వాక్యం సాగుతూనే సాక్ష్యం వచ్చేసింది.

చారిత్రక నేపథ్యం గురించి ఒక్క మాట. ఒకటో జేమ్స్ 1603లో ఇంగ్లండ్ గద్దె ఎక్కాడనీ, 1605లో పార్లమెంటును పేల్చేసే గన్‌పౌడర్ కుట్ర బయటపడిందనీ మొదటి పేరాలో గుమ్మరిస్తే అది చరిత్ర పరీక్ష అవుతుంది. రాజుని చంపడం దైవద్రోహమని ఆ కాలపు ప్రేక్షకులు నమ్మేవారు కాబట్టి ఆ నెత్తురు కడగడానికి సముద్రం చాలలేదు అని రాస్తే, నేపథ్యం మాట అర్థాన్ని పెంచింది. ఆ మాత్రం అర వాక్యం చాలు.

పద్యం దగ్గర తెలుగు వచ్చినవాళ్లకి ఒక చిక్కుంది. మన ఛందస్సు గురులఘువుల లెక్క. ఇంగ్లీష్ ఛందస్సు ఊనిక లెక్క, అంటే పలికేటప్పుడు ఏ ముక్కని నొక్కి పలుకుతామన్నది. మక్బెత్ మొట్టమొదట పలికే పంక్తి తీసుకోండి: "సో ఫౌల్ అండ్ ఫెయిర్ ఎ డే ఐ హ్యావ్ నాట్ సీన్." మన లెక్కలో "సో" దీర్ఘం, కాబట్టి గురువు. ఇంగ్లీష్‌లో ఆ పంక్తి ఊనిక దాని మీద పడదు, "ఫౌల్" మీద పడుతుంది. తేలిక, ఊనిక, తేలిక, ఊనిక అంటూ పది సిలబుల్స్‌లో, అంటే ఒక్క ఊపులో పలికే పది ముక్కల్లో, ఐదు ఊనికలు. దీన్నే అయాంబిక్ పెంటామీటర్ అంటారు. ఇదే నాటకంలోని మంత్రగత్తెల "డబుల్, డబుల్ టాయిల్ అండ్ ట్రబుల్" దీనికి తిరగేసినట్టుంటుంది: ఊనికతోనే మొదలవుతుంది, ఎనిమిది సిలబుల్స్‌లో నాలుగు ఊనికలే. వాళ్లు మనుషుల్లా మాట్లాడరని చెవికే తెలిసిపోతుంది. పైగా ఆ "ఫౌల్", "ఫెయిర్" అనే జంట మాటల్ని మంత్రగత్తెలు మొదటి రంగంలోనే పలికారు. వాళ్లని ఇంకా కలవకముందే వాళ్ల మాట అతని నోట్లో ఉంది. పద్యం జవాబులో వృత్తం పేరు రాసి వదిలేస్తే ఏమీ రాదు. లయ ఎక్కడ తప్పిందో, అక్కడ ఏ మాట ఉందో చూపించాలి.

ఇప్పుడు గడియారం. పేపరు 2 గంటలు, 80 మార్కులు అనుకుందాం. చదవడానికి 15 నిమిషాలు తీసేస్తే 105 మిగులుతాయి. మార్కుకి సుమారు 1.3 నిమిషాలు. 4 మార్కుల ప్రశ్నకి 5 నిమిషాలు, 20 మార్కులకి 26, సొంత రచనకి 40 మార్కులుంటే 52. మీ పేపరు లెక్క వేరైతే ఇదే పద్ధతిలో భాగించుకోండి. మునిగేవాళ్లు దాదాపు ఎప్పుడూ 4 మార్కుల దగ్గరే మునుగుతారు. అది తేలిక కాబట్టి పేజీన్నర రాస్తారు, అక్కడ పోయిన 10 నిమిషాలు చివర్లో సొంత రచన మెడ మీద పడతాయి.

సొంత రచనకున్న 52 నిమిషాల్లో 6 ఆలోచనకి, 5 దిద్దుకోవడానికి. మిగిలిన టైమ్‌లో 450 నుంచి 600 మాటలు సరిపోతాయి. కథ అడిగితే ప్రమాదం, ఆసుపత్రి, పోలీసులు, కల అని తెలిసి మెలకువ రావడం, ఇన్ని కుక్కకండి. ఒక చోటు, పది నిమిషాల కాలం, ఇద్దరు మనుషులు చాలు. సంఘటనలు తగ్గితేనే మాటలకి చోటు దొరుకుతుంది.

ఇక తప్పులు. తెలుగు మనసుతో ఇంగ్లీష్ రాసినప్పుడు వచ్చేవి ఎప్పుడూ అవే, వాటికి కారణాలూ తెలిసినవే. మనకి ఆర్టికల్స్ లేవు, కాబట్టి "ద", "ఎ" రాలిపోతాయి. "దాని గురించి చర్చించాం" అంటాం కాబట్టి "డిస్కస్డ్ అబౌట్" అని రాస్తాం. ఇంగ్లీష్‌లో "డిస్కస్" పక్కన "అబౌట్" ఉండదు. ఎక్కడికి వెళ్తున్నావని అడిగాడు అన్నప్పుడు మన ప్రశ్న వరస మారదు, కాబట్టి "హి ఆస్క్‌డ్ వేర్ వాజ్ ఐ గోయింగ్" అని వస్తుంది. "వేర్ ఐ వాజ్ గోయింగ్" అని ఉండాలి. అన్నిటికన్నా ఎక్కువ మార్కులు తినేది కామా. "వాన వచ్చింది, ఆట ఆగింది" అని తెలుగులో నిక్షేపంగా రాయొచ్చు. ఇంగ్లీష్‌లో రెండు పూర్తి వాక్యాల మధ్య ఒట్టి కామా తప్పు. ఫుల్‌స్టాప్ పెట్టాలి, లేదా "సో", "అండ్" లాంటి మాట తేవాలి, లేదా సెమికోలన్ వాడాలి.

చివరి 5 నిమిషాల్లో అన్ని తప్పులూ ఒకేసారి వెతికితే ఏదీ కనబడదు. మొదట కామాలు మాత్రం చూడండి. తర్వాత క్రియలు మాత్రం: భూతకాలంలో మొదలైన కథ మధ్యలో వర్తమానంలోకి జారిందా? ఆ తర్వాత మీరు రోజూ చేసే రెండు తప్పులు. అవి ఏవో దిద్ది ఇచ్చిన పాత పేపర్లే చెబుతాయి.

ఒక్కోసారి పరీక్ష గదిలో కొటేషన్ గుర్తు రాదు. అప్పుడు సొంతంగా అల్లి కొటేషన్ గుర్తుల్లో పెట్టకండి, ఇట్టే దొరికిపోతారు. గుర్తున్న ఒక్క మాటనే గుర్తుల్లో పెట్టండి, మిగతాది మీ మాటల్లో ఆ ఘట్టంగా చెప్పండి: నిద్రలో నడుస్తూ ఆమె చేతులు రుద్దుకున్నప్పుడు, అత్తరులన్నీ చాలవన్నప్పుడు, తన చేతిని "లిటిల్" అన్నప్పుడు. ఆ ఒక్క మాట మీద నాలుగు వాక్యాలు రాయగలిగితే మిగతా పంక్తి లేని లోటు కనిపించదు.

ప్రశ్నలుంటే అడగండి. మీ జవాబు పేపరేదైనా చేతిలో ఉంటే ఇంకా మంచిది, దాని మీదే మాట్లాడుకోవచ్చు.