ఓడిపోతామని తెలిసీ నామినేషన్ వేసేవాళ్లు

పెద్దలకు, ఆదివారం సాయంత్రం బేరం వదులుకుని షట్టర్లు దించి వచ్చిన వర్తక సంఘం మిత్రులకు నమస్కారం.

ఎన్నికల మీద ఏదైనా మాట్లాడమన్నారు. గెలిచినవాళ్ల గురించి పేపర్లు రాస్తాయి, టీవీలు చెబుతాయి. నేను మీలాంటి ఒక షాపు యజమాని గురించి చెబుతాను. తమిళనాడులో సేలం జిల్లా మెట్టూరు, కావేరి మీద పెద్ద డ్యామ్ ఉన్న ఊరు. అక్కడ టైర్లు బాగుచేసే షాపు నడిపే కె. పద్మరాజన్ గారు 1988లో మొదటిసారి నామినేషన్ వేశారు. ఆ తర్వాత ఆపలేదు. 2024 లోక్‌సభ ఎన్నికలు వచ్చేసరికి 238 సార్లు ఓడిపోయి ఉన్నారు. అయినా ధర్మపురి నుంచి మళ్లీ నిలబడ్డారు. వాజ్‌పేయి, మోదీ, రాహుల్ గాంధీ లాంటి వాళ్ల మీద కూడా పోటీ చేశారు.

ఆయన కథలో మన ఊళ్లు కూడా ఉన్నాయి. 1991లో పీవీ నరసింహారావు గారు ప్రధాని అయ్యాక నంద్యాల ఉప ఎన్నికలో నిలబడ్డారు కదా. తెలుగువాడు ప్రధాని అయ్యాడని తెలుగుదేశం అభ్యర్థినే పెట్టలేదు. పీవీ గారు 5 లక్షల 80 వేల పైచిలుకు మెజారిటీతో గెలిచారు. అంత గాలి వీస్తున్న చోటికి మెట్టూరు నుంచి ఈ టైర్ల షాపాయన వచ్చి నామినేషన్ వేశారు. అక్కడ తనను కొందరు ఎత్తుకెళ్లారని, ఎలాగో బయటపడ్డానని ఆయన చాలాసార్లు చెప్పారు. అంత జరిగినా మరుసటి ఎన్నికకి మళ్లీ ఫారం నింపారంటే ఆయన పట్టుదల ఎలాంటిదో చూడండి.

డబ్బు సంగతి మనకి బాగా అర్థమవుతుంది కాబట్టి లెక్క చెబుతాను. అప్పట్లో లోక్‌సభకు డిపాజిట్ 500 రూపాయలు, అసెంబ్లీకి 250. 1996లో అది 10 వేలు, 5 వేలు అయింది. 2010 నుంచి 25 వేలు, 10 వేలు. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు సగం. పోలై చెల్లిన ఓట్లలో ఆరో వంతు కన్నా ఎక్కువ వస్తేనే ఆ డబ్బు వెనక్కి వస్తుంది. పంక్చర్‌కి వంద రూపాయలు అనుకుందాం. ఒక్క లోక్‌సభ నామినేషన్‌కి 250 పంక్చర్లు వేయాలి. జాకీ ఎత్తి, చక్రం విప్పి, నీళ్ల తొట్టిలో ట్యూబు ముంచి, బుడగ ఎక్కడ లేస్తుందో చూసి అతికించడం, అలా 250 సార్లు. ఆ డబ్బు తిరిగి రాదని ఆయనకి ముందే తెలుసు. ఆయనకి ఎక్కువ ఓట్లు వచ్చింది 2011 అసెంబ్లీ ఎన్నికల్లో, సొంత మెట్టూరులో. 6,273 ఓట్లు. గెలిచినాయనకి 75 వేలు దాటాయి. డిపాజిట్ అప్పుడూ దక్కలేదు.

డబ్బు ఒక్కటే అయితే ఫర్వాలేదు. నామినేషన్ వేయాలంటే కొత్త బ్యాంకు ఖాతా తెరవాలి. ఆస్తులు, అప్పులు, కేసులు అన్నీ రాసి నోటరీ చేయించిన అఫిడవిట్ ఇవ్వాలి. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఆ నియోజకవర్గం ఓటరు ఒక్కరు ప్రతిపాదిస్తే చాలు. ఇండిపెండెంట్‌కి పదిమంది కావాలి. ముక్కూ మొహం తెలియని ఊళ్లో పదిమంది చేత సంతకం పెట్టించడం ఎంత కష్టమో ఆలోచించండి. ఖర్చుల రిజిస్టరు రోజూ రాయాలి. ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్కలు అప్పజెప్పాలి. లేకపోతే మూడేళ్ల దాకా పోటీకి అనర్హుడిని చేయొచ్చు. మేనేజరు, ఆడిటరు, లాయరు ఉన్న పార్టీకి ఇది లెక్కలోది కాదు. షాపులో తానే యజమాని, తానే పనివాడు అయిన మనిషికి ఒక్కో కాగితానికీ ఒక్కో పూట పోతుంది. పద్మరాజన్ గారు తన నామినేషన్ పత్రాలు, అభ్యర్థి గుర్తింపు కార్డులు అన్నీ లామినేషన్ చేయించి దాచుకున్నారు. చేప, ఉంగరం, టోపీ, టెలిఫోన్... ఒక్కోసారి ఒక్కో గుర్తు. 2024లో ఆయనకి టైరు గుర్తు దొరికింది. ఆ వార్త చదివి నేను నిజంగా సంతోషపడ్డాను.

నేను టీచర్‌గా పనిచేసిన రోజుల్లో పోలింగ్ డ్యూటీలు చేశాను. పోలింగ్ మొదలయ్యే ముందు తెల్లవారుజామున మాక్ పోల్ ఉంటుంది. కనీసం 50 ఓట్లు వేసి మెషిన్ సరిగ్గా ఉందో లేదో చూపించాలి. అప్పుడు ప్రతి అభ్యర్థి బటనూ నొక్కాలి, ఎవరినీ వదలకూడదు. పెద్ద పార్టీల ఏజెంట్లు వచ్చి వాళ్ల బటన్లు వాళ్లే నొక్కుతారు. మెషిన్ మీద కింది వరసల్లో ఉండే ఇండిపెండెంట్ల తరఫున చాలాసార్లు ఏజెంటే ఉండడు. వాళ్ల బటన్లు మేమే నొక్కేవాళ్లం. ఆ పేర్లు ఒక్కొక్కటీ చదివి నొక్కుతుంటే, ఈయన ఎవరు, ఏం పని చేస్తాడు, ఎందుకు నిలబడ్డాడు అనిపించేది. తర్వాత ఆ ఓట్లన్నీ చెరిపేసి, సీలు వేసి, ఏడింటికి తలుపు తీసేవాళ్లం. ఈ మనుషుల మీద నాకు ఆసక్తి మొదలైంది అక్కడే.

ఇలాంటివాళ్లు ముందు తరంలోనూ ఉన్నారు. యూపీలో బరేలీలో బట్టల వ్యాపారి కాకా జోగిందర్ సింగ్. జనం ఆయన్ని ధర్తీపకడ్, అంటే నేలను పట్టుకుని వదలనివాడు, అని పిలిచేవారు. మున్సిపాలిటీ నుంచి రాష్ట్రపతి దాకా ఏ ఎన్నికనీ వదల్లేదు. 1992 రాష్ట్రపతి ఎన్నికల్లో ఆయన పేరు బ్యాలెట్ మీదికి ఎక్కింది. ఆ ఎన్నికలో ఎంపీలు, ఎమ్మెల్యేల ఒక్కో ఓటుకి ఒక విలువ ఉంటుంది, ఆ లెక్కన ఆయనకి 1,135 వచ్చాయి. అంటే శంకర్ దయాళ్ శర్మ గారు పోటీలో ఉండగా ఎవరో ప్రజాప్రతినిధులు ఈ బట్టల కొట్టాయనకి ఓటేశారు! 1997లో ఆ దారి మూసుకుపోయింది. రాష్ట్రపతి పదవికి ప్రతిపాదించేవాళ్లు 50 మంది, బలపరిచేవాళ్లు 50 మంది ఉండాలన్నారు. ఆ తర్వాత మామూలు మనిషి పేరు ఆ బ్యాలెట్ మీద కనబడటం లేదు.

వీళ్లవల్ల ఇబ్బంది లేదా అంటే, ఉంది. 1996లో తమిళనాడు మొడకురిచ్చి అసెంబ్లీ స్థానానికి 1,033 మంది నిలబడ్డారు. మన నల్లగొండ లోక్‌సభకి 480 మంది. పోలింగ్ వాయిదా వేసి, బ్యాలెట్‌ని పుస్తకంలా అచ్చు వేయాల్సి వచ్చింది. దాంతో డిపాజిట్ పెంచారు. 1996లో దేశమంతా లోక్‌సభకి 13,952 మంది నిలబడితే 1998లో 4,750 మంది మిగిలారు. అధికారుల కష్టం నాకు తెలుసు, బ్యాలెట్ పెట్టెలు మోసినవాడిని. కానీ నల్లగొండవాళ్లు ఎందుకు నిలబడ్డారు? తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఉండి, ఎముకలు వంకర్లు పోతుంటే పట్టించుకునే దిక్కు లేక. 2019లో నిజామాబాద్‌లో 185 మంది అభ్యర్థులుంటే అందులో 178 మంది రైతులు, పసుపు బోర్డు కోసం, ఎర్రజొన్నలకు మద్దతు ధర కోసం నిలబడినవాళ్లు. వాళ్లలో ఎవరూ గెలవలేదు. దేశమంతా మాత్రం పసుపు రైతు కష్టమేంటని అడిగింది. బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్‌లో మొదలైంది. ఆ నామినేషన్ల వల్లే వచ్చిందని నేను చెప్పను. అవి లేకుండా వచ్చేదని కూడా నేను నమ్మను.

ఒక్క మనిషి నిలబడితే ఏం లాభం అనేవాళ్లకి నేను సూరత్ చూపిస్తాను. 2024లో అక్కడ కాంగ్రెస్ అభ్యర్థి నామినేషన్‌ని, ఆ సంతకాలు మావి కావని ప్రతిపాదకులే అనడంతో తిరస్కరించారు. మిగిలినవాళ్లందరూ ఒక్కొక్కరుగా ఉపసంహరించుకున్నారు. ఏప్రిల్ 22న బీజేపీ అభ్యర్థి ఏకగ్రీవంగా గెలిచారు. సూరత్ ఓటర్లు ఆ ఎన్నికల్లో బటన్ నొక్కనే లేదు. నోటా కూడా నొక్కలేకపోయారు, ఎందుకంటే అసలు పోలింగే జరగలేదు. ఆ రోజు ఎవరు పిలిచినా, ఎవరు చెప్పినా నా నామినేషన్ వెనక్కి తీసుకోను అని భీష్మించుకు కూర్చునే పంక్చర్ షాపాయన ఒక్కడున్నా, అన్ని లక్షల మందికి ఓటు దక్కేది. ఆయన ఓడిపోయేవాడే. డిపాజిట్ పోయేదే. ఎన్నిక మాత్రం జరిగేది. ఇన్నేళ్లుగా వీళ్లని చూసి నవ్వేవాళ్లతో నేను వాదించేది దీని గురించే.

మన సంఘంలో దాదాపు అందరూ ఈ నియోజకవర్గం ఓటర్లే. మిమ్మల్ని ఒకటి అడగాలని వచ్చాను. వచ్చే ఎన్నికల్లో ఏ మెకానిక్కో, టైలరో, టిఫిన్ సెంటర్ నడిపే అమ్మాయో నామినేషన్ ఫారం పట్టుకుని మీ కౌంటర్ దగ్గరికి వస్తే, తర్వాత రమ్మని పంపించేయకండి. స్టూలు వేసి కూర్చోబెట్టండి. అఫిడవిట్ చదవండి. ఎందుకు నిలబడుతున్నావని అడగండి. మనిషి మంచివాడు, చెప్పేది నిజం అనిపిస్తే, ఓటరు జాబితాలో మీ పార్ట్ నంబరు, వరస నంబరు సరిచూసి రాసి, సంతకం పెట్టండి. నామినేషన్లు పరిశీలించే స్క్రూటినీ రోజు ఎవరైనా అడిగితే ఆ సంతకం నాదేనని గట్టిగా చెప్పండి. ఆయనకే ఓటేయాలని రూలేమీ లేదు. ఓటు మీ ఇష్టం.

నమస్కారం.