ఘాటెక్కితే తెలుస్తుంది ప్లగ్గు సంగతి

(విజయనగరంలో ఆయుధ పూజ ముందు రోజు మెకానిక్‌ల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. పాలిటెక్నిక్‌లో ఉన్నన్నాళ్లూ సుద్దముక్క పట్టుకున్నానే గానీ మైకు పట్టుకోలేదు. తడబడితే సర్దుకోండి. సాలూరు నుంచి లారీ మెకానిక్ తమ్ముళ్లు కూడా వచ్చారు. మీ బండ్లకీ గాలిని నొక్కి ఇంజన్‌లోకి పంపే టర్బో ఉంది గానీ నేను చెప్పబోయే స్పార్క్ ప్లగ్గు, అదే నిప్పురవ్వతో పెట్రోలుని అంటించేది, వాటికి ఉండదు. డీజిల్‌లో గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే మంట అంటుకుంటుంది. అయినా కూర్చోండి, చివర్లో టీ ఉంది.

మా మేనల్లుడిది మూడు సిలిండర్ల టర్బో పెట్రోలు కారు. విజయనగరం నుంచి శృంగవరపుకోట దాకా ఏ గొడవా లేదు. అనంతగిరి ఘాటు మొదలై, రెండో గేరులో లారీని దాటడానికి యాక్సిలరేటర్ తొక్కితే దగ్గు. చెక్ ఇంజన్ లైటు. పైన అరకులో బల్లపరుపు రోడ్డు రాగానే మళ్లీ బుద్ధిగా నడిచింది. ఒక షెడ్డులో ప్లగ్గుకి కరెంటు ఇచ్చే కాయిల్ మార్చారు. ఇంకోచోట పెట్రోలు చిమ్మే నాజిళ్లు కడిగారు. ప్లగ్గుని మాత్రం ఎవరూ అనుమానించలేదు. ఎందుకంటే అది కొత్తది, పైగా కొస ఇరీడియం లోహంది. విప్పి, సందు కొలిచే ఫీలర్ గేజ్ పెట్టి చూశాను. గ్యాప్, అంటే నడిమి ముల్లుకీ పక్క కొమ్ముకీ మధ్య సందు, 1.1 మిల్లీమీటర్లు ఉంది. బండి పుస్తకంలో 0.7 నుంచి 0.8 అని ఉంది. టర్బో లేని ఇంజన్‌కి వేసే ప్లగ్గు అది. మర ఒకటే, పొడవు ఒకటే, అందుకే సుబ్బరంగా కూర్చుంది.

మరి కింద రోడ్డు మీద ఎందుకు బాగుంది? నిప్పురవ్వ ఆ సందు దాటాలంటే మధ్యలో ఉన్న గాలిని చీల్చుకుని పోవాలి. గాలి ఎంత చిక్కనైతే అంత ఎక్కువ వోల్టేజీ కావాలి. టర్బో 1 బార్ బూస్ట్, అంటే దాదాపు బయటి గాలి ఒత్తిడంత అదనపు ఒత్తిడి, ఇస్తోందంటే సిలిండర్‌లోకి మామూలు కంటే రెట్టింపు ఒత్తిడితో గాలి వస్తోందన్న మాట. కాయిల్ శక్తికి ఒక హద్దుంది. మెల్లగా పోతున్నప్పుడు బూస్ట్ ఉండదు, 1.1 గ్యాప్ కూడా దాటేస్తుంది. ఘాటులో బూస్ట్ నిండుగా ఎక్కాక దాటలేదు. అదే ఆ దగ్గు. పుస్తకంలో రాసిన ప్లగ్గు వేశాక మళ్లీ అదే ఘాటు ఎక్కించాం, కిక్కురుమనలేదు.

అలాగని 0.5కి నొక్కేయకండి. రవ్వ దాటుతుంది గానీ మరీ చిన్నదైపోతుంది, ఐడిలింగ్‌లో బండి వణుకుతుంది. ఇరీడియం ప్లగ్గు గ్యాప్ సరిచేయాల్సి వస్తే పక్క కొమ్మునే వంచాలి. నడిమి ముల్లు మీద గేజ్ ఆనించి తిప్పితే దాని పని అయిపోతుంది. అది అంత సన్నం. అసలు సరైన గ్యాప్‌తో వచ్చే ప్లగ్గే కొనుక్కోవడం మేలు.

ఇక హీట్ రేంజ్. ఇక్కడ మనవాళ్లలో ఒక పెద్ద పొరపాటు ఉంది. హాట్ ప్లగ్గు అంటే వేడి రవ్వ ఇచ్చేది అనుకుంటారు. రవ్వకీ దానికీ సంబంధం లేదు. ప్లగ్గు మూతి వేడిని ఎంత తొందరగా హెడ్‌కి, అంటే సిలిండర్ పైమూతకి, దింపేస్తుందన్నదే లెక్క. మూతి దగ్గర పింగాణీ పొడుగ్గా ఉంటే వేడి దిగే దారి పొడుగు, అది హాట్. పొట్టిగా ఉంటే కోల్డ్. మూతి సుమారు 450 డిగ్రీలు దాటితేనే మసి కాలిపోయి ప్లగ్గు తనంతట తాను శుభ్రపడుతుంది. 800 దాటితే ఆ మూతే నిప్పుకణికై, రవ్వ పడకముందే పెట్రోలుని అంటించేస్తుంది. టర్బోలో మంట వేడి ఎక్కువ కాబట్టి కంపెనీవాళ్లు కాస్త కోల్డ్ ప్లగ్గే ఇస్తారు. ట్యూనింగ్ చేయించి బూస్ట్ పెంచినవాళ్లు ఇంకో మెట్టు కోల్డ్‌కి వెళ్లాలి. ఏమీ మార్చని బండికి ఆ సరదా వద్దు. మూడు లాంతర్ల నుంచి గంటస్తంభం దాకా తిరిగే కారుకి మరీ కోల్డ్ ప్లగ్గు వేస్తే మూతి వేడెక్కదు, మసి పట్టి పొద్దున్నే స్టార్టవదు.

ప్లగ్గు మీద ఉండే హీట్ రేంజ్ నంబర్లతో జాగ్రత్త, ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. ఎన్‌జీకేలో, డెన్సోలో అంకె పెరిగితే కోల్డ్. బాష్‌లో, ఛాంపియన్‌లో అంకె పెరిగితే హాట్. "ఎన్‌జీకే 7 దొరకలేదు మాస్టారూ, బాష్ 7 వేసేశాను, ఏటవుతాది?" అని ఒకబ్బాయి అడిగాడు. నువ్వు హాట్ వైపు జరిగిపోయావు నాయనా, అన్నాను. కంపెనీ మార్చేటప్పుడు పోలిక పట్టీ చూడాల్సిందే.

లోహం గురించి రెండు ముక్కలు చాలు. నికెల్ కరిగేది 1455 డిగ్రీల దగ్గర, ప్లాటినం 1768, ఇరీడియం 2446. అందుకే ఇరీడియం ముల్లు సన్నగా ఉన్నా తొందరగా అరగదు. నికెల్ కూడా రవ్వ ఇస్తుంది గానీ టర్బోలో తొందరగా అరిగి గ్యాప్ పెరిగిపోతుంది. మళ్లీ ఘాటులో దగ్గు మొదలు.

బిగించడం దగ్గరే మన చేతి అంచనాలు ఎక్కువ. ప్లగ్గు వేడి హెడ్‌కి దిగేది మర నుంచీ, వాషర్ ఆనే చోటి నుంచీ. లూజుగా ఉంటే సరైన ప్లగ్గు కూడా కాలిపోతుంది. అల్యూమినియం హెడ్‌లో 14 మిల్లీమీటర్ల మరకి 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు, 12 మిల్లీమీటర్లదైతే 15 నుంచి 20. ఇది ఎన్‌జీకే లెక్క. బండి పుస్తకంలో వేరేగా ఉంటే దాన్నే నమ్మండి. మరకి గ్రీజు రాయకండి. జారుడుకి, బిగింపు బలం కొలిచే టార్క్ రెంచ్ చూపించేదానికన్నా ఎక్కువ బిగుసుకుపోతుంది. ఇంజన్ చల్లారాకే విప్పండి. కస్టమర్ నెత్తిన నిలబడి తొందరపెడతాడు, టీ తాగి రమ్మనండి.

పింగాణీ పగిలి వచ్చిన ప్లగ్గు కనబడితే వెంటనే ప్లగ్గుని తిట్టకండి. పెట్రోలుని నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బోలో తక్కువ ఆర్‌పీఎం మీద పెద్ద గేరులో ఈడ్చి తొక్కితే, నూనె తుంపర అంటుకుని రవ్వకి ముందే పేలుడు వచ్చి పింగాణీ పగలొచ్చు. డ్రైవర్ని ఏ గేరులో ఘాటెక్కావని అడగండి. ఇంజన్ ఆయిల్ డబ్బా మీద ఏపీఐ ఎస్‌పీ అని ఉందో లేదో చూడండి, ఆ పేలుడుని తగ్గించే ఆయిల్‌కి ఉండే గుర్తు అది.

ఆ బల్ల మీద పాత ప్లగ్గులు పరిచాను. లేత గోధుమరంగుది ఆరోగ్యంగా ఉన్నది. పొడి మసిది ఊళ్లోనే తిరిగింది. అతిగా వేడెక్కి తెల్లగా పాలిపోయి, మూతి మీద సన్నటి అల్యూమినియం చుక్కలున్నది ఒకటుంది, భూతద్దం పట్టుకుని దాన్ని చూడండి. ఆ చుక్కలు కరిగిన పిస్టన్‌వి. టీ వచ్చేసినట్టుంది.