తరగతికి ముందు అడవి

శ్రోతలకు నమస్కారం.

మన కళాశాలల్లో కొత్త విద్యార్థులకు స్వాగతం ఎలా ఉంటుందో మీకు తెలియనిది కాదు. జ్యోతి ప్రజ్వలన, పుష్పగుచ్ఛాలు, వేదిక మీదివారిని వేదిక మీదివారే పొగుడుకోవడం, చివర వందన సమర్పణ. పక్క కుర్చీలోని కుర్రవాడి పేరు మాత్రం సాయంత్రానికీ తెలియదు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో పర్యావరణ శాస్త్రంలో మాస్టర్స్ చదవడానికి చేరేవారికి ఈ తంతు అడవిలో జరుగుతుంది. తరగతులు మొదలయ్యే ముందు, వేసవి చివర్లో, అందరినీ అక్కడికి తీసుకువెళతారు. దాన్ని ‘మాడ్స్’ అంటారు, ‘మాడ్యూల్స్’ అనే మాటకు పొట్టి రూపం.

ఇది కొత్త వేడుకేమీ కాదు. అమెరికా అటవీ సేవ సంస్థకు మొదటి అధిపతి అయిన గిఫర్డ్ పిన్‌షో కుటుంబం ఇచ్చిన విరాళంతో 1900లో యేల్‌లో అటవీ విద్యాలయం వెలిసింది, ఇప్పటి పర్యావరణ విద్యాలయం దాని కొనసాగింపే. 1901 నుంచి 1926 వరకు పెన్సిల్వేనియాలోని మిల్‌ఫర్డ్‌లో, ఆ కుటుంబ ఎస్టేటులోనే, వేసవి పాఠాలు నడిచాయి. విద్యార్థులు గుడారాల్లో ఉండేవారు. పిన్‌షో తన గురువుగా ఎంచుకున్న డీట్రిచ్ బ్రాండిస్ ఎవరో కాదు, 1864లో మన దేశపు అడవులకు మొదటి ఇన్‌స్పెక్టర్ జనరల్ అయిన జర్మన్.

ఇప్పటి మకాముల్లో ముఖ్యమైనది కనెక్టికట్ రాష్ట్రపు ఈశాన్య మూలన ఉన్న యేల్-మైయర్స్ అడవి. విస్తీర్ణం 7,800 ఎకరాల పైమాటే. అక్కడ చెట్లను పేరు పెట్టి గుర్తుపట్టడం, కొలవడం నేర్పుతారు. కొలవడమంటే మానును నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తున, అంటే ఛాతీ ఎత్తున, టేపుతో చుట్టడం. ఆ టేపులో ఒక తమాషా ఉంది. దాని మీద అంగుళమని రాసిన చోటుకి నిజానికి మూడు అంగుళాల పైన పొడవుంటుంది. లెక్కల్లోని ‘పై’ (π, దాదాపు 3.14) విలువతో ముందే భాగించి గీతలు గీశారు కాబట్టి, చుట్టుకొలత పట్టుకుంటే వ్యాసం కనిపిస్తుంది. ఒకరు టేపు కొస పట్టుకోవాలి, ఒకరు చుట్టి తిరిగి అంకె చదవాలి, ఒకరు రాసుకోవాలి. నిన్నటివరకు బ్యాంకులో పనిచేసిన మనిషీ, సముద్రజీవుల మీద పరిశోధన చేసి వచ్చిన మనిషీ ఆ అంకె దగ్గర వాదులాడుకుంటారు. ‘మీ గురించి మూడు మాటలు చెప్పండి’ అనే ఆటలకన్నా ఇదే నయమని నా అభిప్రాయం. చేతిలో పని ఉంటే బిడియానికి చోటుండదు.

నడిచే దారిలో, దట్టమైన చెట్ల మధ్య, హఠాత్తుగా రాతి గోడలు ఎదురవుతాయి. అడవికి గోడ ఎవరు కట్టారు? ఎవరూ కట్టలేదు. అది ఒకప్పుడు పొలం. పందొమ్మిదో శతాబ్దంలో రైతులు పడమటి భూములకూ పట్టణాలకూ తరలిపోయాక చెట్లు తిరిగి మొలిచాయి. గోడలో పిడికెడంత రాళ్లు కూడా ఉంటే పక్క నేలను దున్నారని గుర్తు, నాగలికి తగిలినవన్నీ ఏరి అక్కడ పోసేవారు. పెద్ద బండలే ఉంటే అది పశువుల మేతబీడు. పుస్తకం తెరవకముందే ఒక ప్రాంతపు చరిత్ర ఇలా కాళ్ల దగ్గర దొరుకుతుంది. మా చేలగట్ల మీది రాళ్లను నేనెన్నడూ అలా చదవలేదు.

ఇక భయపెట్టేది పులి కాదు, పిడుదు. మన పశువులకు పట్టేలాంటిదే, పిల్ల దశలో గసగసాల గింజంత ఉంటుంది. అది కుడితే వచ్చే లైమ్ జబ్బుకు ఆ పేరు 1970లలో కనెక్టికట్‌లోని లైమ్ అనే ఊరి నుంచే వచ్చింది. అందుకే ప్యాంటు అంచుల్ని మేజోళ్లలో దోపుకుంటారు, పిడుదు తేలిగ్గా కనబడేలా లేతరంగు బట్టలు వేసుకుంటారు, సాయంత్రం మోకాళ్ల వెనకా చెవుల వెనకా వెతుక్కుంటారు.

మన పిల్లలకు అమెరికాలో ఏ విశ్వవిద్యాలయం నుంచైనా ఇలాంటి పిలుపు వస్తే ముందు ఐ-20లోని, అంటే వీసా కోసం విశ్వవిద్యాలయం ఇచ్చే ప్రవేశ పత్రంలోని, ప్రారంభ తేదీ చూసుకోవాలి. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ఆ తేదీకి 30 రోజులకన్నా ముందు దేశంలో అడుగుపెట్టనివ్వరు. శిబిరం తేదీలు దానికి సరిపోతున్నాయో లేదో విశ్వవిద్యాలయంలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి రాసి తెలుసుకుని, ఆ తర్వాతే విమానం టిక్కెట్టు కొనాలి. శాకాహారులైతే ఆ సంగతి కూడా అదే ఉత్తరంలో రాయడం మంచిది.