పాత హారర్ కథను గేమ్‌గా మార్చడం: డాన్యూబ్ నుంచి సోమశిలకు

నమస్తే అందరికీ. ఈరోజు ఒక పాత హారర్ కథను గేమ్‌గా మార్చే పని మొదలుపెడుతున్నాం. ఇంజిన్, అంటే గేమ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్, గొడోట్ 4. ఫ్రీ, ఓపెన్ సోర్స్, మామూలు ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. కథ ఆల్జెర్నాన్ బ్లాక్‌వుడ్ 1907లో రాసిన ‘ది విల్లోస్’. గేమ్ జరిగే చోటు మాత్రం మన కొల్లాపూర్ దగ్గరి సోమశిల, కృష్ణ మీద శ్రీశైలం బ్యాక్‌వాటర్.

ముందు హక్కుల సంగతి చెప్పేస్తాను. మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్ల దాకా కాపీరైట్ ఉంటుంది. బ్లాక్‌వుడ్ 1951లో పోయారు, కాబట్టి 2012 నుంచి ఇక్కడ ఆ కథను ఎవరైనా వాడుకోవచ్చు. బ్రిటన్‌లో 70 ఏళ్ల లెక్క, అది కూడా 2021తో తీరిపోయింది. ఒక్క జాగ్రత్త: ఈమధ్య వచ్చిన అనువాదాల్లోని వాక్యాలు ఎత్తుకోకండి. అనువాదానికి హక్కు వేరే ఉంటుంది. అసలు కథే దగ్గర పెట్టుకోండి.

కథ ఇది. ఇద్దరు స్నేహితులు, కథ చెప్పేవాడు, అతని స్వీడన్ స్నేహితుడు, వరద మీదున్న డాన్యూబ్‌లో చిన్న పడవ వేసుకుని పోతూ, వియన్నాకు, బుడాపెస్ట్‌కు మధ్య ఒక ఇసుక దిబ్బ మీద గుడారం వేస్తారు. చుట్టూ విల్లో పొదలు. వరద ఆ దిబ్బను కొంచెం కొంచెం కోసుకుంటూ పోతుంది. రాత్రి పొదల మీదుగా ఏవో ఆకారాలు పైకి లేస్తున్నట్టు ఒకరికి కనపడతాయి, అది నిజమో భ్రమో తేలదు. తెల్లారేసరికి ఒక తెడ్డు లేదు. ఉన్న తెడ్డు ఎవరో గీకినట్టు పలచబడింది. పడవ అడుగున చీలిక. ఇసుకలో గరాటు ఆకారంలో గుంటలు. పొదలు నిన్నటికంటే గుడారానికి దగ్గరగా ఉన్నాయేమో అని అనుమానం. పైగా ఎక్కడి నుంచి వస్తోందో తెలియని, గంట మోగినట్టుండే ఒక హోరు.

ఇంతే సరుకు. మీద పడే దెయ్యం ఒక్కటీ లేదు. అందుకే ఈ కథ ఎంచుకున్నాను. హారర్ గేమ్ అనగానే చాలామంది ముందు దెయ్యం మోడల్ వెతుకుతారు. ఆ ఫోల్డర్ మూసేయండి. ఇక్కడ ఆటగాడిని భయపెట్టేది అతని సొంత లెక్క తప్పడం. రాత్రి తాను చూసి పెట్టుకున్నది పొద్దున అలాగే లేదు, అంతే. మనం చేసే ప్రతి సీనూ ఆ ఒక్క పనికే.

కథలో దీనికి చక్కటి ఉదాహరణ ఉంది. రొట్టె సంచిలో లేదని ఒకడు కంగారుపడతాడు. రెండోవాడు పగలబడి నవ్వి, అయ్యో, కొనడం నేనే మరిచిపోయానంటాడు. ఆ నవ్వుతో మనకూ ప్రాణం లేచొస్తుంది. కానీ ఆ తర్వాత ఏ వస్తువు పోయినా, మరిచారా, ఎవరైనా తీశారా అని ఊగుతూనే ఉంటాం. గేమ్‌లో దీన్ని ఇలా పెడదాం. మన గేమ్‌లో ఆ ఇద్దరు స్నేహితుల బదులు బావా బామ్మర్దులు, ఆటగాడు బావ. మొదటి సీన్‌లో ఒడ్డున జొన్న రొట్టెల మూట, అగ్గిపెట్టె, వల, రెండు తెడ్లు ఉంటాయి. ఆటగాడు వాటిని పుట్టిలోకి, అంటే గుండ్రటి బుట్ట పడవలోకి, సర్దుతుంటే బామ్మర్ది పక్కన ఏదో ముచ్చట చెబుతూనే ఉంటాడు. ఏది పెట్టాడో ఏది మరిచాడో స్క్రీన్ మీద జాబితా చూపించకండి. రాత్రికి మూట కనపడకపోతే అతను తన జ్ఞాపకాన్నే అనుమానించాలి.

ఇప్పుడు చోటు. విల్లో మన దగ్గర తెలిసిన చెట్టు కాదు, దాన్ని పెడితే పోస్ట్‌కార్డు అవుతుంది. దానికి బదులు సర్కారు తుమ్మ పెట్టాను. ఎవరూ నాటకుండానే చెరువు కట్టలు, బీళ్లు, నీళ్లు దిగిన ఒడ్లు ఆక్రమించుకున్న ముళ్ల చెట్టు. మన నేలలో పుట్టిందీ కాదు, అమెరికా ఖండం నుంచి తెచ్చింది. పాలమూరులో పుట్టి పెరిగిన ఎవరికైనా ఈ చెట్టు ముందుకు జరుగుతుందని కొత్తగా నమ్మించక్కర్లేదు, ఏటా చూస్తున్నదే.

వరదకు కారణం కూడా ఇక్కడిదే. పైన జూరాల గేట్లు ఎత్తితే కింద బ్యాక్‌వాటర్ పెరుగుతుంది. శ్రీశైలం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. గేమ్ మొదలైనప్పుడు నీళ్లు అంతకు బాగా కింద ఉండి దిబ్బ బయటికి కనపడుతుంది, తెల్లవారేలోపు మీ చుట్టూ కుంచించుకుపోతుంది. మీ గేమ్‌కు టైమర్ అదే. గడియారం గీయకండి, సాయంత్రం పుట్టిని లాగి కట్టిన రాయి మునిగితే చాలు.

ఈ నీళ్ల గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. శ్రీశైలం రిజర్వాయర్ కింద ఊళ్లు మునిగాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాళ్లు విప్పి అలంపూర్‌లో మళ్లీ కట్టారు, సోమశిల గుళ్లను కూడా ఎత్తు మీదికి తరలించారు. ఇల్లూ పొలం పోగొట్టుకున్న కుటుంబాలు ఇప్పటికీ మన మధ్యే ఉన్నాయి. మునిగిన ఊరి మనుషులు దెయ్యాలై వచ్చారని కథ అల్లడం చాలా తేలిక. దయచేసి అల్లకండి. అది వాళ్లకు అన్యాయం, బ్లాక్‌వుడ్ కథకూ అన్యాయం. అక్కడ స్వీడన్ స్నేహితుడు తేల్చి చెబుతాడు: ఇవి ప్రకృతి శక్తులూ కావు, పాత దేవతలూ కావు. దేవతలైతే మనిషితో ఏదో ఒక సంబంధం ఉండేది, పూజో మొక్కో ఇస్తే సరిపోయేది. వీటికి మనిషితో ఏ లావాదేవీ లేదు. కాబట్టి గేమ్‌లో మంత్రం, తాయత్తు, నిమ్మకాయ ఏదీ పనిచేయదు. అసలు పెట్టనే వద్దు.

[స్క్రీన్ మీద: పొద సీన్, ఎడమవైపు నోడ్లు]

ఇక ఈ వీడియోలో ముఖ్యమైన పని, పొదను కదిలించడం. నెమ్మదిగా చూడండి. పొద సీన్ తెరిచి దాని కింద విజిబుల్ ఆన్ స్క్రీన్ నోటిఫయర్ త్రీడీ నోడ్ పెట్టండి (నోడ్ అంటే గొడోట్‌లో సీన్‌ను కట్టే ఒక్కో ముక్క). పొద కెమెరా నుంచి బయటికి పోగానే ఇది స్క్రీన్ ఎగ్జిటెడ్ అనే సిగ్నల్ ఇస్తుంది. ఆ సిగ్నల్‌కు ఒక టైమర్ కలపండి, 4 నుంచి 9 సెకన్ల మధ్య ర్యాండమ్‌గా. టైమర్ అయ్యాక వెంటనే కదిలించకండి. ఈజ్ ఆన్ స్క్రీన్ అని మళ్లీ అడగండి. ఈలోపు ఆటగాడు తల తిప్పి ఉండొచ్చు కదా. ఇప్పటికీ కనపడకపోతేనే పొదను గుడారం వైపు 0.15 జరపండి. గొడోట్‌లో ఒక యూనిట్ అంటే ఒక మీటర్, అంటే పదిహేను సెంటీమీటర్లు. గుడారానికి మూడు మీటర్ల దగ్గర ఆపేయండి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. పొద ఫ్రేమ్ బయట ఉన్నా మంట వెలుగుకు దాని నీడ ఫ్రేమ్‌లో పడి ఉండొచ్చు. అప్పుడు నీడ ఒక్కసారి గంతేస్తుంది, గుట్టు మొత్తం రట్టవుతుంది. అందుకే నోటిఫయర్ పెట్టెను, అంటే అది కనిపెట్టే హద్దును, పొద వరకే కాకుండా నీడ పడే నేలను కూడా కప్పేలా పెద్దది చేయండి. ఇదిగో, నేను ఇటు అటు నాలుగు మీటర్లు లాగాను.

అన్ని పొదలకూ ఈ స్క్రిప్ట్ వద్దు. మూడింట ఒకటి కదిలితే చాలు, కదలనివి పక్కనుంటేనే తేడా కొలవడం కష్టమవుతుంది. నీళ్ల మీద ఉన్నప్పుడైతే పని ఇంకా సులువు. పుట్టి గుండ్రంగా ఉంటుంది, తెడ్డు వేసినప్పుడల్లా కొంచెం తిరుగుతుంది. దానితో పాటు కెమెరాను తిప్పండి. ఒడ్డును కంట్లో పెట్టుకోవాలని ఆటగాడు ఎంత ప్రయత్నించినా పుట్టి ఉండనివ్వదు.

సౌండ్. కీచురాళ్లు, పుట్టికి తగిలే నీళ్లు, ఎండిన తుమ్మకాయల గలగల, ఇవన్నీ ఆడియో స్ట్రీమ్ ప్లేయర్ త్రీడీలో పెట్టండి, ఏది ఎటు నుంచి వస్తోందో తెలియాలి. గంట హోరును మాత్రం త్రీడీలో పెట్టవద్దు. కథలో ఆ శబ్దం ఒక దిక్కు నుంచి రాదు, పైనుంచీ చుట్టూరా ఆఖరికి తమలోంచే వస్తున్నట్టు ఉంటుంది. మామూలు ఆడియో స్ట్రీమ్ ప్లేయర్ చాలు. శబ్దం కోసం ఇంట్లో పాత ఇత్తడి గంగాళం ఉంటే బోర్లించకుండా నేల మీద బట్ట పరిచి పెట్టి, గుడ్డ చుట్టిన కర్రతో అంచు మీద మెల్లగా కొట్టండి. ఫోన్‌లో రికార్డు చేసి, దెబ్బ పడిన మొదటి క్షణం కత్తిరించి, మిగిలిన మోతను పిచ్ స్కేల్ 0.5లో వినిపించండి. [హోరు వినిపించాలి, పది సెకన్లు] విన్నారా? ఇది వస్తున్నప్పుడు కీచురాళ్ల వాల్యూమ్ కొద్దికొద్దిగా తగ్గించండి. పూర్తిగా ఆపితే ఆటగాడు కనిపెట్టేస్తాడు.

తర్వాత చూపు. స్వీడన్ స్నేహితుడి మాట, వాటి గురించి ఆలోచించకు, ఆలోచిస్తేనే మనల్ని కనిపెడతాయి. స్వీడన్ స్టూడియో ఫ్రిక్షనల్ గేమ్స్ 2010లో తెచ్చిన ‘అమ్నీషియా’ ఆడినవాళ్లకు దీని దగ్గరి పద్ధతి తెలుసు, అందులో రాక్షసుడిని చూస్తూ నిలబడితే మతి చెడుతుంది. మనం పొదలను తేరిపార చూడటాన్ని లెక్కిస్తాం. కెమెరా ముందు దిక్కుకు, పొద ఉన్న దిక్కుకు డాట్ ప్రొడక్ట్ తీయండి. రెండు దిక్కులూ ఎంత కలుస్తున్నాయో చెప్పే లెక్క అది, పూర్తిగా కలిస్తే 1. 0.95 దాటితే తదేకంగా చూస్తున్నట్టు. ఆ సమయం పెరిగేకొద్దీ ఇందాకటి టైమర్ తగ్గించండి. మంట ఎగదోస్తేనో పుట్టి చిల్లికి తారు పూస్తేనో లెక్క దిగిపోవాలి. మీటర్ బొమ్మ పెట్టకండి. చేతిలో పని ఉన్నంతసేపు మేలుగా ఉందని అతనికే తెలియాలి.

మాటలు తక్కువ. బావా బామ్మర్దులు పాలమూరు మాటే మాట్లాడాలి, పుస్తకం భాష పెడితే టెన్షన్ అంతా పోతుంది. నా దగ్గర ఉన్నది ఇంత:

“బావా, ఇంకో తెడ్డు ఏడ వెట్టినవ్?”
“పుట్టిలనే ఉండె గదరా. సక్కగ సూడు.”
“సూసిన బావా.”

మూడో మాట తర్వాత ఇద్దరూ ఏమీ అనరు. ఆ ఖాళీలో మ్యూజిక్ వేయాలనిపిస్తుంది, వేయకండి.

ముగింపులో బ్లాక్‌వుడ్ ఒక రైతు శవాన్ని చూపిస్తాడు, ఒంటి మీద ఆ ఇసుక గుంటల గుర్తులే ఉంటాయి. ఇంకొకరు బలైనందుకే వీళ్లు బతికారన్నమాట. నేను ఈ అర్థం వదలను, శవం మాత్రం చూపించను. సాయంత్రం దూరంగా ఇంకో పుట్టిలో ఒక మనిషి చేతులూపి ఏదో అరుస్తూ పోతాడు, మాట వినపడదు. పొద్దున అదే పుట్టి ఖాళీగా కొట్టుకొస్తుంది. అందులో తెడ్డు ఉంటుంది, ఆటగాడు దాన్ని తీసుకునే ఒడ్డు చేరాలి.

ఇంతవరకు చేశాక ఒకరిని కూర్చోబెట్టి లైటు తీసేసి, హెడ్‌ఫోన్స్ పెట్టి ఆడించండి. వీలైతే సోమశిల వైపు పుట్టి నడిపేవాళ్లకే చూపించండి, తెడ్డు వేసే తీరు తప్పయితే వాళ్లే చెబుతారు. ఆట అయ్యాక ఒక్కటే అడగండి: పొదలు కదిలాయా? తెలియలేదంటే 0.15ని 0.2 చేయండి. అవును, నేను చూశాను అంటే 0.1కి తగ్గించండి. కదిలినట్టే ఉంది కానీ చెప్పలేను అంటే ఆ నంబర్‌ను ఇక ముట్టుకోకండి, సేవ్ చేసి పెట్టుకోండి. వచ్చే వీడియోలో నీళ్లు పెంచుదాం.