గేజీ లెక్క వేరు, వెర్షన్ లెక్క వేరు

అందరికీ నమస్కారం. ధవళేశ్వరం దగ్గర గోదావరి 11.75 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకల్లో పిల్లల్ని అడిగినా చెప్తారు. ఆ గేజీ మీద 11.9 ఎక్కువా, 11.10 ఎక్కువా అంటే 11.9 అని ఠక్కున అనేస్తాం. లినక్స్ ప్యాకేజీల్లో, అంటే ఇన్‌స్టాల్ చేసుకోవడానికి కట్టి పంపే సాఫ్ట్‌వేర్ మూటల్లో, వెర్షన్ నంబరుగా మాత్రం 11.10 పెద్దది. అక్కడ చుక్క దశాంశం కాదు, విడదీసే గుర్తు. తొమ్మిది తర్వాత పది, అంతే.

ఇంకో చిక్కు. మార్టేరు వరి పరిశోధనా కేంద్రం వాళ్ల ఎం.టి.యు. 7029, అదే మన స్వర్ణ, 1982లో విడుదలైంది. ఎం.టి.యు. 1010 దాని తర్వాత వచ్చింది. నంబరు చిన్నదైనా కొత్త వంగడమని రైతుకు తెలుసు. లినక్స్‌లో ప్యాకేజీలు దించి వేసే ఆప్ట్‌కీ, డీఎన్‌ఎఫ్‌కీ ఆ సంగతి తెలియదు. వాటికి నంబరు పెద్దదైతేనే కొత్తది.

నేను చేసిన తప్పు చెప్తాను. రైస్‌మిల్లుల్లో కాటా బిల్లుల సాఫ్ట్‌వేర్‌ను 1.4-1 అని ప్యాకేజీ కట్టి పంపాం. తేమ తరుగు లెక్కలో తప్పు దొరికింది. మార్చింది ఒక్క లైనే కదా అని మళ్లీ 1.4-1 పేరుతోనే కట్టాను. దాళ్వా ధాన్యం దిగుతున్న రోజులు. గుమస్తా ఫోన్ చేసి, “సార్, ఇక్కడ 1.4-1 అనే చూపిస్తోందండి, తరుగు మాత్రం తేడా వస్తోందండి” అన్నాడు. తప్పున్నదీ 1.4-1, సరిచేసిందీ 1.4-1. ఏ మిషన్‌లో ఏదుందో ఎలా చెప్పను? రెండు రోజులు మిల్లుల చుట్టూ బండి మీద తిరిగి ఒక్కో ఫైలు చెక్‌సమ్, అంటే ఫైల్లో ఉన్నదాన్ని బట్టి లెక్కగట్టే గుర్తు, చూసుకున్నాం. రైతు డబ్బుతో పని, టెన్షన్ అంతా ఇంతా కాదు.

కోడ్ మారింది కాబట్టి అది 1.4.1 కావాల్సింది. కోడ్ అదే ఉండి డిపెండెన్సీయో (అది నడవడానికి కావాల్సిన వేరే ప్యాకేజీ), సర్వీస్ ఫైలో (దాన్ని సిస్టమ్ ఎలా నడపాలో చెప్పే ఫైలు) మారితే డాష్ తర్వాతి అంకె పెంచి 1.4-2 అనాలి. డీఎన్‌ఎఫ్ వాడే ఆర్‌పీఎం రకం ప్యాకేజీల్లో ఆ అంకెనే రిలీజ్ అంటారు. ఒకసారి బయటికి పంపిన నంబరును ఇంకో సరుకుకు పెట్టకండి.

ట్రయల్ వెర్షన్‌కు (ఆర్‌సీ అని రాసేది అదే) టిల్డా గుర్తు (~) వాడండి. 2.0~ఆర్‌సీ1 అంటే 2.0 కంటే ముందుది. టిల్డా లేకుండా 2.0ఆర్‌సీ1 అని రాస్తే అది 2.0 కంటే పెద్దదైపోతుంది, ట్రయల్ వేసుకున్నవాళ్లకు అసలుది అందదు. వెర్షన్‌లో గిట్ హ్యాష్, అంటే కోడ్‌లో ఒక్కో మార్పుకు గిట్ ఇచ్చే గుర్తు, పెడితే దానికి వరుస ఉండదు, దాని ముందు తేదీ పెట్టండి, సంవత్సరం ముందుగా.

2024.1 అని పంపేశాక మళ్లీ 1.5కి రావాలంటే ఇపాక్ వేసి, అంటే అన్నిటికంటే ముందు చూసే అంకెను కోలన్‌తో ముందు పెట్టి, 1:1.5 అనాలి. దానికి ముందు బాగా ఆలోచించండి. ఒకసారి వేస్తే ఆ తర్వాత వచ్చే ప్రతి వెర్షన్‌కూ అది మోయాల్సిందే.

పంపేముందు ఆప్ట్ వెనకాల పనిచేసే డీపీకేజీ కమాండ్‌లో కంపేర్ వెర్షన్స్ ఆప్షన్‌కు పాత నంబరు, కొత్త నంబరు ఇచ్చి ఏది పెద్దదో చూసుకోండి. లాప్‌టాప్‌లు తెరవండి, ముందు 11.9, 11.10 ఇద్దాం.